నాలుగు వందల పన్నెండు ఆటల ఆసామి

ముందు పోయినవాటి సంగతి చెబుతాను. తెరిచి నాలుగు నెలలు దాటకుండానే మూతపడిన దుకాణం ఒకటి. కొండపల్లిలో గదికి ఇచ్చిన అడ్వాన్సు ఇరవై వేలు. రంగుల బోర్డు ఒకటి; దాని మీద నా పేరు నా తలకాయంత అక్షరాల్లో ఉండేది. ఒక్కదాన్నీ చేత్తో పట్టుకుని ఎరగని వీడియో గేములు నాలుగు వందల పన్నెండు. పాస్టరు గారి దగ్గర చిన్నప్పటి నుంచి కూడబెట్టుకున్న మంచి పేరు. చివరగా, తమ్ముడి ముఖం నేరుగా చూడగలిగే ధైర్యం. దీనికి వెల ఎంత వెయ్యాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఇవన్నీ షాపు తగలబడో, కృష్ణకు వరదొచ్చో పోలేదు. నేనే, నిండు తెలివిలో ఉండి, నోటిలెక్కతో పోగొట్టాను.

ఇబ్రహీంపట్నంలో నన్ను లెక్కల రత్నం అంటారు. పదో తరగతి తప్పాను. ఏ సబ్జెక్టులో తప్పానని అడక్కండి, అందులోనే. ఆ తర్వాత చల్లపల్లిలో ఒక రైసు మిల్లులో బస్తాలు లెక్కపెడుతూ సొంతంగా నేర్చుకున్నాను. వడ్డీ, తరుగు, కమీషను, ఏదడిగినా మీరు ఫోను జేబులోంచి తీసేలోపు చెప్పేస్తాను. ఈ విద్య వల్ల నాకొక జబ్బు పట్టుకుంది. దేన్ని చూసినా వెల కడతాను. పెళ్లికి పిలిస్తే ముందు కుర్చీలు లెక్కపెట్టి, అద్దె ఎంతయి ఉంటుందో తేల్చుకున్నాకే అక్షింతలు వేస్తాను.

మా తమ్ముడు ఆశీర్వాదం, నేను కలిసి గేముల షాపు నడిపేవాళ్లం. గంటకి యాభై రూపాయలిచ్చి, టీవీ ముందు కూర్చుని, కారు తోలుకునో బంతి తన్నుకునో పోయే షాపు. లెక్కలు నావి, ఆటలు వాడివి. షాపులో నలభై ఆరు డిస్కులుండేవి. వాటిని వాడు రోజూ మెత్తటి బనీను గుడ్డతో తుడిచేవాడు. ఏ డిస్కు మీద ఏ గీత ఎప్పుడు పడిందో చెప్పగలడు. వాడు మంచివాడే గానీ మాట నెమ్మది. సోమవారం మొదలుపెట్టిన వాక్యం గురువారానికి పూర్తయితే గొప్ప. అంతవరకూ ఆగే ఓపిక నాకుండేది కాదు.

డిస్కులు కాక, టీవీలో ఇంకో తంతు ఉండేది. రిమోటు నొక్కితే వరసలు వరసలుగా ఆటల బొమ్మలు వచ్చేవి. ఒకరోజు తీరిగ్గా లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు! షాపు ఖర్చుల్లో వీటి తాలూకు పైసా లేదు. నా సిద్ధాంతం ఏమిటంటే, ఖర్చు కనపడలేదంటే ఎప్పుడో డబ్బు చెల్లిపోయిందన్నమాట, చెల్లిపోయిందంటే మనదన్నమాట. తమ్ముణ్ణి ఒక్క మాట అడగొచ్చు కదా అంటారా? లెక్కల మనిషి ఇంకొకరిని అడుగుతాడా అండీ!

ఒక్క షాపు మీద రెండు సంసారాలు నడవక, పంచుకుందామనుకున్నాం. నేను కొండపల్లిలో వేరే షాపు పెట్టుకోవాలని. పెద్దమనుషులుగా పాస్టరు గారు, మా గది ఓనరు సుబ్బారావు గారు కూర్చున్నారు. మా వైపు పద్ధతి మీకు తెలిసిందే. పెద్దవాడు భాగాలు వేస్తాడు, చిన్నవాడు తనకి కావలసింది ముందు ఏరుకుంటాడు. పెద్దవాడు మోసం చెయ్యకుండా పూర్వం ఎవరో తెలివైనవాళ్లు పెట్టిన పద్ధతి. ఆ తెలివైనవాళ్లు నన్ను చూడలేదు.

రెండు భాగాలు వేశాను. మొదటిదాంట్లో రెండు టీవీలు, రెండు గేమ్ బాక్సులు, ఏసీ, ఉన్న షాపు, నలభై ఆరు డిస్కులు. రెండోదాంట్లో ఒక టీవీ, ఒక బాక్సు, ఆ నాలుగు వందల పన్నెండు ఆటలు. డిస్కుల మీద తమ్ముడికున్న మమకారం నాకు తెలుసు. వాడు మొదటిదే ఏరుకుంటాడు. ఇక రెండు భాగాలూ సమానంగా కనపడాలి కాబట్టి ఒక్కో ఆటకీ ఐదు వందలు వెల కట్టాను. బజారులో ఒక్కోటి రెండున్నర వేలకి తక్కువ లేదని నాకు తెలుసు. అంటే పది లక్షల ముప్పై వేల సరుకుని రెండు లక్షల ఆరు వేలకి కొట్టేస్తున్నానన్నమాట. సొంత తమ్ముడి దగ్గర. ఈ వాక్యం రాయడానికి రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగి వచ్చాను.

సుబ్బారావు గారు థర్మల్ కరెంటు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. దేన్నైనా తట్టి చూస్తే గానీ నమ్మరు. టీవీని తట్టారు, ఏసీని తట్టారు.

"ఆ నాలుగు వందలూ ఏయయ్యా?"

రిమోటు నొక్కి చూపించాను.

"ఇయ్యన్నీ మీయేనా?"

"మావేనండి."

"పట్టుకు చూద్దామంటే ఏం లేదేంటి?"

"ఇప్పుడు ఆస్తులన్నీ ఇలాగే ఉంటున్నాయండి. బ్యాంకులో మీ పెన్షను ఎప్పుడైనా పట్టుకు చూశారా?"

ఆయన ఆలోచనలో పడ్డారు. పాస్టరు గారు మెచ్చుకోలుగా తలాడించారు.

"అన్నయ్యా, ఆ ఆటల సంగతీ..." అన్నాడు తమ్ముడు.

"పెద్దలు మాట్లాడుతున్నార్రా, ఆగు. ఏరుకో ముందు."

వాడు కాసేపు తటపటాయించి, వేలు రెండో భాగం వైపు చూపించాడు. "అది నేను తీసుకుంటాలే అన్నయ్యా. దాంతో నీకు ఇబ్బంది."

వీడికి అసలు వెల తెలిసిపోయిందనుకున్నాను.

"ఏంట్రా ఇబ్బంది! ఆ డిస్కులు నీ ప్రాణం కదరా! కన్నబిడ్డల్లా తుడుచుకున్నావు. ఇయ్యాళ వదిలేసి పోతావా? పాస్టరు గారూ, మీరైనా చెప్పండి వాడికి!"

పాస్టరు గారు చెప్పారు. సుబ్బారావు గారూ చెప్పారు. ముగ్గురం కలిసి వాడి చేత మంచి భాగం బలవంతాన ఏరించాం. వాడు నా వైపు జాలిగా చూశాడు. ఓడిపోయినవాడి చూపు అనుకుని లోపల్లోపల నవ్వుకున్నాను.

కొండపల్లిలో షాపు తెరిచాను. మూడు నెలలు బాగానే నడిచింది. సాయంత్రమైతే కాలేజీ కుర్రాళ్లు, షిఫ్టు దిగిన థర్మల్ వాళ్లు వచ్చేవారు. నాలుగో నెల మొదట్లో ఒకరోజు అందరూ అడిగే ఫుట్‌బాల్ ఆట కనపడలేదు. పై నుంచి కిందికి వెతికాను. కింది నుంచి పైకి లెక్కపెట్టాను. మూడు వందల తొంభై ఎనిమిది! పద్నాలుగు పోయాయి. తలుపు తాళం తాళంలాగే ఉంది. పాస్‌వర్డు తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడిని నేను. కాబట్టి దొంగ ఎవరో తేలిపోయింది. చూశారా, ఎంత శుభ్రమైన లెక్కో!

ఆదివారం ఆరాధన అవగానే పాస్టరు గారిని చర్చి మెట్ల మీదే పట్టుకుని, దారిలో సుబ్బారావు గారినీ లేవదీసి, తమ్ముడి షాపు మీదికి దండెత్తాను. వాడూ, మా మరదలు సుజాతా షాపు తెరుస్తున్నారు.

"పద్నాలుగు ఆటలండీ! నా వాటాలోంచి! ముప్పై ఐదు వేల సొత్తు! తోడబుట్టినవాడే దోచుకున్నాడు!"

నా గొంతుకి ఎదురుగా టీకొట్టులో వాళ్లు కూడా గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు.

పాస్టరు గారు వేళ్ల మీద ఏదో లెక్క కట్టుకుని అడిగారు. "ముప్పై ఐదు వేలేంటి రత్నం? పద్నాలుగు ఐదొందలు ఏడు వేలే కదా. ఆరోజు ఒక్కోటీ ఐదొందలే అన్నావు."

"ముప్పై ఐదు వేలని పద్నాలుగుతో భాగిస్తే ఎంతొస్తదయ్యా?" అన్నారు సుబ్బారావు గారు.

ఊళ్లో అందరి భాగహారాలూ నోటిమీద చేసే నాకు అదొక్కటీ రాలేదు. సుజాత ఫోనులో కొట్టి చూసింది.

"రెండున్నర వేలండీ," అంది. తర్వాత నా వైపు తిరిగి, చాలా మర్యాదగా, "అంతేగా బావగారూ?" అంది.

తిట్టినా బాగుండేది.

తమ్ముడు నన్ను చూడలేదు. నేల చూస్తూ, "ఎవరూ తియ్యలేదన్నయ్యా. అయ్యే ఎల్లిపోయినయ్," అన్నాడు.

"ఎల్లిపోడానికి వాటికి కాళ్లున్నాయంట్రా?" అన్నాను. మునిగినవాడికి కూడా పౌరుషం ఉంటుంది చూడండి.

వాడు ఆ ఆటల కంపెనీవాళ్లకి ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టి, నా చేతికిచ్చాడు. ఒక అమ్మాయి పలికింది.

"నా ఆటలు పద్నాలుగు పోయాయమ్మా!"

"పోలేదు సార్. వాటి గడువు అయిపోయింది, లిస్టులోంచి తీసేశాం."

"నన్నడక్కుండా నా ఆటలు ఎట్టా తీస్తారు?"

"అవి మీవి కాదు సార్. కంపెనీవి. మీరు నెలనెలా కట్టేది ఆడుకోడానికి. కొనుక్కోడానికి కాదు."

"మరి మిగతా మూడు వందల తొంభై ఎనిమిది?"

"అవీ అంతే సార్. కట్టినన్నాళ్లు ఆడుకోవచ్చు."

"నెలనెలా నేనెప్పుడు కట్టానమ్మా? ఒక్క రూపాయి కట్టలేదు!"

"కట్టకపోతే అసలు తెరుచుకోవు సార్. ఒకటో తారీఖున ఆరు వందల తొంభై తొమ్మిది వచ్చింది."

సుబ్బారావు గారికి అన్యాయం అనిపించినట్టుంది. ఫోను మీదికి వంగి, "ఆరు వందలకే ఏడుస్తావేంటమ్మా, ఈయన గంటకి యాభై తీసుకుంటన్నాడు!" అన్నారు.

"షాపులో నడుపుతున్నారా సార్? అది ఇంట్లో వాడుకునే ప్లాను..."

ఫోను కట్ చేశాను. జీవితంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే అనుకుంటాను.

అప్పుడు తమ్ముడు, మొదటిసారి, వాక్యం చివరిదాకా చెప్పాడు. ఎందుకంటే మొదటిసారి నేను ఆగి విన్నాను.

"నెలనెలా అద్దె అంటే నువ్వు ఊరుకోవు కదన్నయ్యా. అందుకని షాపు ఖర్చులో రాయించకుండా నా చేతి డబ్బుల్లోంచి కడుతున్నా. పంపకాల రోజు చెబుదామంటే నువ్వు ఆగమన్నావు. పోనీ ఆ వాటా నేనే తీసుకుందామనుకున్నా."

"మరి పంచుకున్నాక కూడా ఎందుకు కట్టావురా? నాలుగు నెలలు?"

"కట్టకపోతే నీ షాపు ఆగిపోద్ది కదా!"

ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు అన్నాడు. టీకొట్టు వాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. పాస్టరు గారు కళ్లద్దాలు తీసి, తుడవాల్సినదానికంటే చాలా ఎక్కువసేపు తుడిచారు. నేను దోచుకున్నాననుకున్నవాడు నా దోపిడీకి నెలనెలా కిస్తీ కడుతున్నాడు. నేను దోచింది చూడబోతే ఏమీ లేదు. దొంగతనం కూడా చేతకాని దొంగని నేను.

ఆ ప్లాను నేనే ఆపించి, కొండపల్లి షాపు మూసేశాను. ఓనరు అడ్వాన్సు తిరిగివ్వనంటే వాదించడానికి నోరు రాలేదు. ఆ వారమే తమ్ముడు అట్టపెట్టెలో ఇరవై మూడు డిస్కులు పెట్టి తెచ్చాడు. "సగం నీయి," అన్నాడు. ఎవర్నీ అడగక్కర్లేదు, గడువు లేదు. వాడి చేతిలోంచి నా చేతిలోకి వస్తే నావైపోతాయి. సొంతం అంటే ఏమిటో ఆ పెట్టె బరువు తెలిశాక అర్థమైంది. తీసుకోవడానికి మనసొప్పక మళ్లీ వాడి చేతిలోనే పెట్టాను. ఇప్పుడు విజయవాడలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. మీటరు గుడ్డ అమ్మితే కొన్నవాడు చంకలో పెట్టుకుపోతాడు, మళ్లీ మేం వెనక్కి లాక్కోం. అది చూస్తుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది.

కానీ బాకీ మిగిలింది. కలిసున్నప్పుడు వాడు కట్టిన ఇరవై ఆరు నెలల్లో నా సగం తొమ్మిది వేల ఎనభై ఏడు. విడిపోయాక నా కోసం కట్టిన నాలుగు నెలలకి రెండు వేల ఏడు వందల తొంభై ఆరు. మొత్తం పదకొండు వేల ఎనిమిది వందల ఎనభై మూడు. కవరులో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

"వద్దన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

"తీసుకోరా, నాకు నిద్రపట్టట్లేదు."

వాడు సుజాత వైపు చూశాడు. ఆవిడ కవరు తీసుకుని, అందులోంచి ఒక్క వంద నోటు లాగి, మిగతాది నా జేబులో పెట్టేసింది.

"ఒక్కసారే తీర్చేస్తే మీరు మళ్లీ ఈ గుమ్మం తొక్కరు బావగారూ, మీ సంగతి నాకు తెల్దా? నెలకి వంద. మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక, భోజనానికొచ్చి కట్టాలి."

"ఒక నెల కట్టకపోతే?"

"చేపల పులుసు ఆగిపోద్ది," అన్నాడు తమ్ముడు. ఈసారి వాక్యం చాలా త్వరగా పూర్తి చేశాడు.

అందుచేత, పాఠకులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. నెలనెలా కడితేనే నిలిచేదాన్ని దేన్నీ ఇకమీదట నా ఆస్తి అనను. దానికి వెల కట్టను, భాగం వెయ్యను, పెద్దమనుషుల ముందు పెట్టను. ఆ చేపల పులుసుతో సహా.

మొన్నటి ఆదివారంతో ఇరవై నాలుగు నెలలు కట్టాను. ఇంకా తమ్ముడికి ఇవ్వవలసింది తొమ్మిది వేల నాలుగు వందల ఎనభై మూడు రూపాయలు.