ట్రాక్టర్‌లో పరిచిన బండ

మా పాత ట్రాక్టర్‌లో క్లచ్ పెడల్ కింది రేకు తుప్పుపట్టి చిల్లులు పడింది. బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే మా అన్న, ఆ చిల్లుల మీద నున్నటి నాపరాయి ముక్క పరిచాడు. మరునాటి నుంచి గేరు మార్చబోతే కరకరమనేది. అన్న గేరాయిల్ మార్చాడు, తగ్గలేదు. ఇక గేర్‌బాక్స్ విప్పుతానని స్పానర్లు ముందేసుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. సీటెక్కి క్లచ్ తొక్కాను. పెడల్ పూర్తిగా దిగకముందే రాయికి తగిలి టక్కుమని ఆగింది. క్లచ్ పూర్తిగా అణగకపోతే గేరెలా పడుతుంది?

"అన్నా, ముందు ఆ బండ తియ్."

తీశాక గేరు మెత్తగా పడింది. అన్న మాత్రం బండను తువ్వాలుతో తుడుస్తూ నిలబడ్డాడు.

"బండ శానా బాగుండాది. ఆ పెడలే మరీ కిందికి పోతాండాది."