ఆ సంతకం ముసలమ్మదే

పోయిన మంగళవారం పొద్దున్న మా ఆవిడ అన్న ఫోను చేసి, ప్లీడరు గారు పోయారని చెప్పాడు. "మహానుభావుడు బావా, తెల్లారగట్ల ఎల్లిపోయేరట" అంటూ గొంతు కాస్త వణికించాడు కూడా. సుమారు పాతికేళ్ళ క్రితం ఇదే మనిషి మా అరుగు మీద కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ, "కోర్టులో ఉన్నదున్నట్టు సెప్తాను బావా, నువ్వేటీ బెంగెట్టుకోకు" అని నాకు మాట ఇచ్చాడు. ఆ మాట ఏమైందో అనకాపల్లిలో ముసలివాళ్ళందరికీ తెలుసు. ఇప్పుడు ప్లీడరు గారి స్మృతి సంచికకు ఒక పేజీ రాసిమ్మంటున్నాడు. "నీ తెలుగు బాగుంటాది. నాలుగు మంచి ముక్కలు రాసీ." రాస్తున్నాను. అతనికి మాత్రం ఇవ్వడం లేదు, పత్రికకే పంపుతున్నాను.

మా ప్లీడరు గారు వేలిముద్ర వేసిన వకాలత్తు తీసుకునేవారు కారు. కోటు జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. పూడిమడక నుంచి వల తగాదా మీదో, రాంబిల్లి నుంచి గట్టు తగాదా మీదో ఎవరైనా వస్తే, ముందు వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి చేతిలో పలక పెట్టేవారు. పేరు రాయడం వచ్చాకే కేసు. "వేలిముద్ర దొంగల దగ్గర తీసుకుంటారు. నువ్వేం దొంగిలించావురా?" అని అడిగేవారు. పూడిమడక ఆసామీ ఒకడు మూడు రోజులు బల్ల మీదే కూర్చుని, "బాబూ, ఈ అచ్చరాల కంటే జైలే నయం, నన్నొగ్గీండి" అని మొర పెట్టుకోవడం నేను చెవులారా విన్నాను. నాలుగో రోజు వాడే తన పేరు రాసి, ఆ పలక పట్టుకుని కోర్టు ఆవరణంతా చూపించుకు తిరిగాడు.

ఆదివారాలు ఆయన కోర్టు కాగితాలు ముట్టుకునేవారు కారు. బస్సెక్కి ఊళ్ళమ్మట పోయి, పుట్టిన తేదీ తెలియని పిల్లలకు అఫిడవిట్లు తయారుచేసి, బడిలో వేయించేవారు. ఈ చుట్టుపక్కల చాలామంది చేసుకుంటున్న పుట్టినరోజులు ఆయన పెట్టినవే.

ఆ రోజుల్లో మా ఆడపిల్లల బడి అద్దెకు తీసుకున్న బెల్లం గోదాములో నడిచేది. నేనక్కడ లెక్కల మాస్టర్ని, మా ఆవిడ అన్న హెడ్మాస్టరు. పుస్తకాలకు చీమలు పట్టేవి. వానాకాలం నేల చెమ్మగిల్లి, కూర్చున్న పిల్లల పరికిణీలు అంటుకుపోయేవి. అది చూసి ఒక చెరుకు రైతు భార్య, పిల్లల్లేని విధవరాలు, ఊరి అంచున ఉన్న తన రెండెకరాలూ బడికి రాస్తానంది. వీలునామా రాసింది ప్లీడరు గారే. అప్పటికే ఆవిడ మంచం మీద ఉంది. ఆవిడ విషయంలో ఆయన కూడా పట్టు సడలించి, వేలిముద్ర చాలన్నారు. ఆవిడే ఒప్పుకోలేదు.

"మా ఆడగుంటలకి బడి ఇత్తన్నాను బాబూ. నేనే ఏలిముద్దరేత్తే ఆళ్ళు నవ్వరేటి? నాకూ పలకియ్యి."

పది రోజులు నేర్చుకుంది. పలక మీద రాసినది ఏ పూటకా పూట చెరిగిపోయింది. పదకొండో రోజున వీలునామా కాగితం మీద పేరు రాసింది. సాక్షులు ఇద్దరు: ప్లీడరు గారి గుమాస్తా, మా హెడ్మాస్టరు. ఆ సాయంత్రమే హెడ్మాస్టరు మా ఇంటికొచ్చి పడీపడీ నవ్వాడు. "ముసల్ది నాలిక బైటెట్టి రాసింది బావా! రాసేసి, ఒత్తు మరిసిపోనాను, కలమియ్యి అని మళ్ళీ లాక్కుంది!"

ఆవిడ పోయింది. ఏడాది తిరక్కుండా గుమాస్తా కూడా పోయాడు. అప్పుడు ఆవిడ మరిది కొడుకు కోర్టుకెక్కాడు. మా పెద్దమ్మకు అక్షరం రాదు, సంతకం ఎవరో పెట్టారు అన్నాడు. అంతకుముందు ప్రతి కాగితం మీదా ఆవిడది వేలిముద్రే. "చావబోయే ముందు సరస్వతి కటాక్షించిందా అండీ?" అని అవతలి ప్లీడరు అడిగితే కోర్టంతా నవ్వింది. ఆవిడ సంతకం పెడుతుండగా చూశానని చెప్పడానికి, సాక్షి సంతకాలు చేసినవాళ్ళలో మిగిలింది హెడ్మాస్టరు ఒక్కడే. నేను అతని నోట విన్నానే గానీ చూడలేదు, విన్న మాటను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.

హెడ్మాస్టరు బోనెక్కి, సంతకం అప్పటికే పెట్టి ఉందన్నాడు. ప్లీడరు గారు పెట్టమంటే తనూ పెట్టానన్నాడు. ఆవిడ రాయడం చూడలేదన్నాడు. ఇవన్నీ చెప్పి, జేబురుమాలుతో మెడ తుడుచుకుని దిగిపోయాడు.

భూమి పోయింది. మరో తొమ్మిదేళ్ళు పిల్లలు బెల్లం గోదాములోనే చదివారు. ఆ రెండెకరాల్లో మరిది కొడుకు ఇంగ్లీషు మీడియం స్కూలు కట్టాడు. మా హెడ్మాస్టరు రిటైరైన మర్నాడే దానికి ప్రిన్సిపాలయ్యాడు. ఇందులో నేను ఊహించి చెప్పేదేమీ లేదు, గేటు పక్క బోర్డు మీద పేరు ఇంకా ఉంది.

ప్లీడరు గారికి మిగిలింది ఒక ఎగతాళి పేరు. టీ కొట్టు దగ్గర కుర్ర ప్లీడర్లు ఆయన్ని చూసి, "సంతకాల తాత వత్తన్నాడ్రోయ్, కలాలు దాసీండి" అనేవారు. దొంగ సంతకం పెట్టించాడన్న మాట ముప్పై ఏళ్ళ ప్రాక్టీసును తినేసింది. కేసులు తగ్గాయి. సుద్దముక్క మాత్రం జేబులోంచి పోలేదు. వేలిముద్ర వేయిస్తే గెలిచేవారు కదా అని ఒకసారి అడిగేశాను.

"ఆవిడ పలక అడిగింది మాస్టారూ. వద్దని ఎలా అనను?" అన్నారు. తర్వాత, "మీ బావని ఏమీ అనకండి. ఇంట్లో ఆడకూతురు నలిగిపోతుంది" అన్నారు.

ఆ ఒక్క మాటకు కట్టుబడి ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. పండక్కి అతను వస్తే పక్కన కూర్చుని భోంచేశాను. నేను చదివిన పుస్తకాలన్నీ క్షమించమనే చెప్పాయి. వాటిల్లో ఏదీ ఆ గోదాములో పాఠం చెప్పలేదు.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి నేను రాస్తున్నది చూస్తోంది. "ఆయన పోనే పోయేరు. ఇప్పుడు మా అన్నయ్యని బజారుకీడిస్తే ఏటొస్తాది మీకు?" అంది. నాకేమీ రాదు. ప్లీడరు గారి పేరు ఆయనకు తిరిగి రావాలి. దాన్ని ఇవ్వగలిగిన మనిషి బోనులో ఒకసారి ఎగ్గొట్టాడు, ఫోనులో రెండోసారి ఎగ్గొట్టాడు. మహానుభావుడు అన్నాడు గానీ, సంతకం మాట ఎత్తలేదు.

ఆ సంతకం ముసలమ్మదే. ప్లీడరు గారు దొంగ పని చేయలేదు. ఆవిడ రాస్తుండగా కళ్ళారా చూసి, చూడలేదన్నవాడు ఆదివారం సంతాప సభకు అధ్యక్షుడు. హెడ్మాస్టరు సన్యాసిరావు.