గొట్టం నాడి పట్టిన చెయ్యి

మా బావ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. అక్కను చేసుకున్నాడు కాబట్టి భరించాను గానీ, లేకపోతే ఒకే ఫ్యాక్టరీలో ఆయనతో వేగడం నా వల్ల అయ్యేది కాదు.

మాది సీసాలకు మూతలు బిగించే యంత్రం. మూతను నొక్కే సిలిండర్ మోచేయంత కూడా ఉండదు. నూనె ఒత్తిడికి అది రెప్పపాటులో కిందికి దిగి పైకి లేస్తుంది. నూనెను వదిలే వాల్వ్ రవ్వంత ఆలస్యమైతే మూత వంకరపోతుంది, రవ్వంత తొందరపడితే సీసా పగులుతుంది. వాల్వ్‌ను ఆడించే కరెంటు బోర్డు నాది. నూనె, గొట్టాలు బావవి. గొట్టం మీద వేళ్ళు ఆనించి, వైద్యుడు నాడి చూసినట్టు చూసి, "వాల్వ్ టైము కాస్త ముందుకు జరపరా" అనేవాడు. జరిపితే సరిగ్గా సరిపోయేది. అందుకే అందరూ నాడి మాస్టారనేవారు. ఆ పిలుపంటే ఆయనకు ప్రాణం.

యంత్రం నడుస్తుండగా గొట్టాన్ని చేత్తో తడమొద్దని, లీకు వెతకాలంటే అట్టముక్క వాడాలని గోడ మీద ఎర్రగా రాసే ఉంది. నేనూ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ మధ్యాహ్నం యంత్రం తడబడింది. బావ గొట్టం కిందికి వేళ్ళు పోనిచ్చి, చటుక్కున వెనక్కి తీశాడు.

"ఏమైంది బావా?"

"ఏం లేదురా. చీమ కుట్టినట్టనిపించింది."

చూపుడువేలి కొసన సూదిమొనంత చుక్క. రక్తం కూడా లేదు. అది చీమ కాదని నాకు తెలుసు. కంటికి కనపడని చిల్లులోంచి అంత ఒత్తిడితో దూకిన నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మొదట నొప్పి పెద్దగా ఉండదు. లోలోపల కండను చంపుకుంటూ పోతుంది. ఆలస్యమైతే వేలు, ఇంకా ఆలస్యమైతే చెయ్యే తీసేయాల్సి వస్తుంది.

ఎర్ర బటన్ నొక్కి యంత్రం ఆపేశాను.

"ఎవడాపమన్నాడ్రా?"

"ఆసుపత్రికి పద."

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ముందు అది స్టార్ట్ చెయ్యి."

నాకు ఒళ్ళు మండింది. భుజం పట్టి లాగితే విదిలించుకున్నాడు. మేం వాదులాడుకుంటున్నంతసేపూ ఆ నూనె లోపల పాకుతూనే ఉంటుంది. ఇక లాభం లేదని అక్కకు ఫోన్ చేశాను. అక్క ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆమెకు దగ్గరి చూపు ఆనదు. రోజూ పనికి వచ్చేముందు ఆమె సూదులకు దారం ఎక్కించేది బావే.

సంగతి విని అక్క అరవలేదు. స్పీకర్ పెట్టమంది.

"ఏవండీ, ఆ చేత్తో చొక్కా పైబొత్తం ఒక్కసారి పెట్టుకోండి. తర్వాత మీ ఇష్టం."

బావ నవ్వుతూ మొదలుపెట్టాడు. బొత్తం జారింది. మళ్ళీ జారింది. వేలు అప్పటికే ఉబ్బి తెల్లబడింది.

"స్పర్శ తెలీట్లేదే" అన్నాడు మెల్లగా.

ఆయన భయపడగా చూడటం నాకదే మొదలు. బండి మీద దారంతా ఆ చేతిని గుండెకు ఆనించుకుని కూర్చున్నాడు.

వేలి నుంచి అరచేతి దాకా కోసి నూనె కడిగారు. చెయ్యి దక్కింది. చూపుడువేలికి స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఆయన జేబులో ఎప్పుడూ ఓ అట్టముక్క ఉంటుంది. నాడి మాస్టారని ఎవరూ పిలవరు. పిలిస్తే నేనూరుకోను.

కట్టు విప్పిన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. బావ సూది పట్టుకుని కూర్చున్నాడు. దారం వేళ్ళ మధ్యనుంచి జారిపోతోంది, జారిన సంగతి ఆయనకు తెలియడం లేదు.

"ఇలా ఇవ్వు బావా" అని చెయ్యి చాచాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాకేం తొందర లేదండీ" అంది ఆయనతో.

బావ దారాన్ని ఎడమచేతికి మార్చుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. నాకు ఏడుపాగలేదు. కుట్టాల్సిన గుడ్డ ఒళ్ళో పెట్టుకుని అక్క అలాగే కూర్చుంది.