మరియదాసు మూడో జత డిస్కులు

"కారు బాగుచేయించుకొస్తే మీతో గుణదల వస్తాం. లేకపోతే బస్సెక్కుతాం."

శౌరమ్మ తన భర్త మరియదాసుతో ఈ మాట తన ఒక్కతి తరఫునే అనలేదు. పామర్రులో వాళ్ల వీధి ఆడవాళ్లందరి తరఫునా అంది.

మరియదాసుకి అది చిన్న మాట కాదు. అంబాసిడర్ టాక్సీ నడిపిన రోజుల నుంచీ ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకి ఆ వీధి ముసలమ్మల్ని తీసుకెళ్లేది అతనే. తర్వాత టాక్సీ పోయింది, సెంటర్లో స్టాండూ పోయింది. అప్పట్లో ఎక్కినవాళ్లు చాలామంది సమాధుల దొడ్డికి చేరారు. వాళ్ల కోడళ్లు ముసలమ్మలై, ఇప్పుడు అతని చిన్న కారులో అదే కిటికీ సీటు కోసం పోట్లాడుకుంటున్నారు. ఊళ్లో అతన్ని గుణదల మరియదాసు అంటారు. ఈ ఏడాది ఆ పేరు నిలిచేట్టు లేదు.

క్రిస్మస్ బట్టలకి బెజవాడ వెళ్తుంటే కంకిపాడు దగ్గర ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. మరియదాసు బ్రేకు తొక్కాడు. కారు ఆగింది గానీ, ఆగేలోపల స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. వెనక కూర్చున్న ఎదురింటి ప్రకాశమ్మ "మరియమ్మ తల్లీ" అని కేకపెట్టింది. శౌరమ్మ మాత్రం దిగి, ప్రకాశమ్మనీ దించి, వెనకొస్తున్న బస్సుకి చెయ్యెత్తింది.

అప్పటికే రెండుసార్లు ముందు చక్రాల బ్రేకు డిస్కులు, ఆ గుండ్రటి ఇనుప బిళ్లలు, వంకరపోయాయని మార్పించాడు. మార్చిన కొన్నాళ్లు బాగుండేది, ఆ తర్వాత మళ్లీ వణుకే. ఈసారి బెజవాడ ఆటోనగర్‌కి బయల్దేరుతుంటే శౌరమ్మ కూడా చెప్పులేసుకుంది.

"నువ్వెందుకే? అక్కడ చీరలమ్మరు."

"రెండుసార్లు మీరొక్కరే వెళ్లి ఉద్ధరించారుగా. ఈసారి నేనూ చూస్తా. మీరు కారులో పదండి, నేను బస్సులో వస్తా."

అన్నట్టే బస్సులో వచ్చింది. ఆటోనగర్ గేటు దగ్గర దిగి, ఆటో మాట్లాడుకుని, భర్తకంటే ముందే కిరీటి షాపులో స్టూలు మీద కూర్చుంది.

కిరీటి తండ్రి ఒకప్పుడు మరియదాసుకి అంబాసిడర్ సామాన్లు అమ్మాడు. ఆ చుట్టరికంతో కిరీటి వీళ్లని బాబాయ్, పిన్ని అంటాడు. చక్రాలు విప్పించి, డిస్కులు చూసి, కౌంటరు మీద మూడు రకాలు పెట్టాడు.

"ఇవి కారు కంపెనీవే. ఇవి బయటి కంపెనీవి, పనికొస్తాయి. ఈ చిల్లులవి కుర్రాళ్లు సోకుకి వేయించుకుంటారు."

"జంతికల బిళ్లలా ఉంది. ఇది మాకెందుకు నాయనా?" అంది శౌరమ్మ.

"పాతవే లేత్ మీద సాపు చేయిస్తే?" అన్నాడు మరియదాసు.

"ఇంతకంటే పలచబడకూడదని అంచు మీద కొట్టి ఉంటుంది బాబాయ్. సాపు చేస్తే అంతకంటే కిందికి దిగిపోతాయి."

"సరే, కొత్తవే ఇవ్వు. డిస్కుని నొక్కే ప్యాడ్లు మాత్రం గట్టివి ఇవ్వు, మన్నేవి."

"గట్టివి మన్నుతాయి, కానీ డిస్కుని తినేస్తాయి. పొద్దున్నే కీచుమంటాయి కూడా. మరీ మెత్తవైతే ఇట్టే అరిగిపోతాయి. ముసలమ్మల్ని ఎక్కించుకుని తిరిగే బండికి మధ్యరకం చాలు." అంటూనే కిరీటి డబ్బాల మీద చెయ్యి పెట్టాడు. "కానీ ఇవి నేనివ్వను."

"అదేంటయ్యా?" అన్నాడు మరియదాసు.

"మూడో జత. ఇవీ పోతే కిరీటి దొంగసరుకు అమ్ముతాడని పామర్రంతా చెప్పుకుంటారు. ఎందుకు వంకరపోతున్నాయో ముందు తేలాలి. కారు ఎక్కడ కడుగుతారు?"

మరియదాసు మొహం వెలిగింది. "రేవులో. ఎంత దూరం వెళ్లొచ్చినా, ఇంటికి పోకముందే కాలవలోకి దింపుతా. వేడి మీద కడిగితేనే మట్టి వదుల్తుంది."

అది పామర్రు స్టాండులో డ్రైవర్లంతా పాటించిన పద్ధతి. సాయంత్రమైతే అంబాసిడర్లు వరసగా గేదెల పక్కన రేవులోకి దిగేవి. సగం చక్రం మునిగేదాకా దింపి, లుంగీలు ఎగ్గట్టి, కొబ్బరిపీచుతో రుద్దేవాళ్లు. పెళ్లికూతుర్ని తెచ్చినవాడు ఆ ఊరి పప్పులో ఉప్పు లేదని చెప్పేవాడు. శవాన్ని దింపి వచ్చినవాడు ఏమీ చెప్పకుండా సీటు కడుక్కునేవాడు, మిగతావాళ్లు అతనికో బీడీ ఇచ్చేవాళ్లు. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చాయో, ఎవరి పంట అమ్ముడైందో, రేవులో తెలిసినన్ని వార్తలు పేపర్లో వచ్చేవి కావు. ఆ బళ్లు పాతసామాన్లోళ్ల పాలయ్యాయి. బళ్లు నడిపినవాళ్లలో మిగిలింది మరియదాసు ఒక్కడే. రేవు నిండా గుర్రపుడెక్క పేరుకుపోయింది. కర్రతో దాన్ని పక్కకి నెట్టి, ఇప్పటికీ అతనొక్కడే కారు దింపుతున్నాడు.

"అంబాసిడర్‌కి డ్రమ్ము బ్రేకులు, లోపల దాక్కునుంటాయి. ఇవి బయటికుంటాయి బాబాయ్," అన్నాడు కిరీటి. "బెజవాడ నుంచి బ్రేకులు తొక్కుకుంటూ వెళ్లి, కాలుతున్న ఇనుముని కాలవలో ముంచుతున్నారు. పెనం దించీ దించగానే నీళ్లు పోస్తే ఏమవుద్దో పిన్నినడగండి."

"వంకరపోద్ది. ఇక అట్టు సరిగా రాదు," అంది శౌరమ్మ. ఆ తర్వాత భర్త వైపు తిరిగింది. "ఇంటి దగ్గర కుళాయి ఉందిగా?"

"ఉంది."

"మరి?"

"కుళాయి దగ్గర ఎవరుంటారే?"

"రేవులో మాత్రం ఎవరున్నారు?"

మరియదాసు కౌంటరు మీది కొత్త డిస్కుని వేలితో తిప్పాడు.

"ఇంటికెళ్లాక చక్రాలు చల్లారేదాకా చుక్క నీరు తగలకూడదు. ఒప్పుకుంటేనే ఇస్తా," అన్నాడు కిరీటి.

"ఇవ్వు," అన్నాడు మరియదాసు. కంపెనీ డిస్కులు, మధ్యరకం ప్యాడ్లు బిగించారు.

తిరుగుప్రయాణంలో శౌరమ్మ కారే ఎక్కింది. తలుపు పైనున్న పిడిని మాత్రం వదల్లేదు. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టరు అడ్డంగా తిరిగింది. మరియదాసు బ్రేకు తొక్కాడు. కారు తిన్నగా, చప్పుడు లేకుండా ఆగింది. స్టీరింగు అతని చేతుల్లో కదల్లేదు. కాసేపటికి శౌరమ్మ పిడి మీంచి చెయ్యి తీసింది.

"గుణదలకి పొద్దున్నే బయల్దేరదాం. ఎండెక్కితే ప్రకాశమ్మ ఆగలేదు," అంది.

పామర్రు వంతెన దగ్గర అతని చేతులు వాటంతటవే ఎడమకి తిరగబోయాయి. కారు నెమ్మదించాడు. రేవులో గుర్రపుడెక్క ఊదారంగు పూలు పూసి ఉంది. గేదె కూడా లేదు. కారు తిన్నగా ఇంటికి పోనిచ్చాడు.

వాకిట్లో కారాపి, ఖాళీ బకెట్టు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఎదురింట్లోంచి ప్రకాశమ్మ వచ్చింది.

"బాగైందా అన్నయ్యా?"

"బాగైంది. చక్రాలు ముట్టుకోకు, ఇంకా వేడి."

"అయితే కిటికీ పక్కన నేనే," అంటూ ఆమె అరుగెక్కి కూర్చుంది. అది విని మూలింటామె వచ్చింది. పోయినేడు కిటికీ ఎవరిదో, వాంతి చేసుకున్నదెవరో తగువు మొదలైంది. అక్కడి నుంచి మాట ఒకరి కోడలి మీదికీ, మరొకరి కోత మిషను మీదికీ పాకింది.

చక్రాలు చల్లారాయి. మరియదాసు ఆ మాటలు వదిలి లేవలేదు.