అత్తమ్మ గొంతు, కుక్కరు కంకి

మా అత్తమ్మ నా ఎదురుగా నోరు మూసుకొని కంకులు కాలుస్తోంది. ఆమె గొంతు మాత్రం ఇంటి ముందు వరండాలోంచి గట్టిగా వినిపించింది. "హోయ్, ఎవడ్రా చేన్ల? కాళ్లిరగ్గొడ్త." ప్రమాదం వచ్చిపడిందని నాకు తెలిసింది ఆ క్షణంలోనే.

ఆ గొంతు ఉండవలసింది చేనులో. ములకలపల్లి దాటాక మా మక్క చేను అడవిని ఆనుకొని, మా ఇంటికి కూతవేటు దూరంలో ఉంటుంది. కంకి పాలు పట్టగానే కోతులు దిగుతాయి. వాటిని బెదిరించడానికి బజారులో అమ్మే మైకులో తుపాకీ చప్పుళ్లు, కుక్క అరుపులు ఉంటాయి. మా కోతులు వాటిని లెక్కచేయలేదు. ఊళ్లో జనం ఎవరి గొంతుకు ఎక్కువ భయపడతారో ఆలోచించి, మా ఆయన వాళ్లమ్మ అరుపునే ఆ మైకులోకి ఎక్కించాడు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అది అవే మాటలు అరిచేది. అత్తమ్మకు అదొక గర్వం. గట్టు మీద పోయేవాళ్లు కొందరు ఆగి, "మేమేనమ్మా, పోతున్నం" అని సంజాయిషీ ఇచ్చుకునేవాళ్లట.

మొదట్లో కోతులు పారిపోయాయి. తర్వాత నేనొక సంగతి గమనించాను. మైకు పెట్టగానే అవి చెట్లు దిగి గట్టు మీద వరసగా కూర్చుంటున్నాయి. ఆ గొంతు ఎక్కడుంటే కంకులు అక్కడుంటాయని వాటికి అర్థమైపోయింది. మా ఆయనతో చెబితే నవ్వాడు. నాకు అన్నిట్లోనూ ప్రమాదమే కనిపిస్తుందని ఇంట్లో పేరు. కాదనను. పిల్లలు పడుకున్నాక ఇది రాయడానికి కూర్చున్నదాన్ని, ఇప్పటికే రెండుసార్లు లేచి తలుపు గడియ చూసి వచ్చాను.

కంకులు వండడంలోనూ నాది భయస్థురాలి పద్ధతే. అత్తమ్మ పై పొట్టంతా తీసి, లోపలి పలుచటి పొర ఒక్కటి ఉంచి, కట్టె నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తుంది. పొర మాడి రాలాక ఉప్పుకారం అద్దిన నిమ్మచెక్కతో రుద్దుతుంది. పిల్లల నోరు కాలుతుందని, మాడిన గింజ అరగదని నేను కుక్కర్లో వేస్తాను. ఉప్పు, చిటికెడు పసుపు, గింజ మెత్తబడి రంగు పోయేదాకా కూతలు. "ఇది కంకి గాదు పిల్లా, బాలింత పథ్యం," అంటుంది అత్తమ్మ. పిల్లలు కూడా సగం కొరికి వదిలేస్తుంటే నియమం పెట్టాను. ఒక్క గింజ మిగలకుండా తినేదాకా లేవకూడదు, పారేయకూడదు.

నిన్న సాయంత్రం మా ఆయన మైకును చార్జింగుకని తెచ్చి వరండాలో పెట్టి బూర్గంపాడు వెళ్లాడు. పిల్లలిద్దరినీ అక్కడే కూర్చోబెట్టి, చెరొక ఉడికిన కంకి చేతికిచ్చి, నేను పెరట్లో అత్తమ్మ పొయ్యి దగ్గరికి వచ్చాను. చిన్నది మీట నొక్కింది.

మేం ఇల్లు చుట్టి పరుగెత్తేసరికి వాకిలి నిండా కోతులు. గట్టు మీద కూర్చున్నట్టే వరసగా కూర్చున్నాయి. పెద్దది మెట్టెక్కి, నా కూతురికి చేతికందేంత దూరంలో ఉంది. మైకు అరుస్తూనే ఉంది. పిల్లలు కదలకుండా కంకులు కొరుకుతున్నారు. నా కళ్ల ముందు కోతి పళ్లు, ఆ వెంటనే దవాఖానా, సూదులు.

కంకి కింద పడెయ్యమని మెల్లగా చెప్పాను.

"ఇంకా రెండు వరసలున్నయమ్మా," అన్నాడు పెద్దవాడు. "పారెయ్యొద్దని నువ్వే అన్నవ్ గదా."

"ఇయ్యాల పారెయ్యొచ్చు నాన్నా."

"రేపు తిట్టవు గదా?"

అత్తమ్మ ముందుకొచ్చి నిలబడి, ఊరంతా వినపడేలా అరిచింది. నోటికొచ్చిన మాటలు అవే. మైకు ఒకమాట ముందు, ఆమె ఒకమాట వెనక. పెద్ద కోతి తల తిప్పి ఆమెను చూసింది, మైకును చూసింది, మళ్లీ కంకి వైపు తిరిగింది. నలభై ఏళ్లుగా ఊరిని హడలగొట్టిన గొంతు అలా వృథా కావడం నేనెప్పుడూ చూడలేదు.

కోతి చెయ్యి చాచి నా కూతురి కంకి తీసుకుంది. కొరికింది. నమిలింది. నమలడం ఆపి, నోట్లోది వేళ్లతో బయటికి తీసి చూసుకుంది. తర్వాత ఆ కంకిని తెచ్చి, మర్యాదగా, పిల్ల ఒళ్లో పెట్టేసింది.

అప్పుడు దానికి కాలిన వాసన తగిలింది. అత్తమ్మ కంగారులో కాల్చిన కంకుల చాటతోనే పరుగెత్తి వచ్చింది. కోతి మెట్లు దిగి ఆమె వైపు నడిచింది, మిగతావి దాని వెనక. అత్తమ్మ చాటను వాకిట్లో పెట్టి వెనక్కి జరిగింది. నేను పిల్లలిద్దరినీ చంకనేసుకొని లోపలికి దూరి గడియ పెట్టాను. ఒక్కొక్క వేలూ విప్పి చూశాను. గీత కూడా పడలేదు.

తలుపు మీద చప్పుడైంది.

"తలుపు తియ్యి పిల్లా. నేను మైకును గాదు, మనిషిని."

లోపలికొచ్చి మంచినీళ్లు తాగి, ఏది కంకో కోతికి గూడ తెలుసన్నది. నా కంకికి రుచి లేకపోవడం వల్లే నా కూతురి వేళ్లు మిగిలాయి. కోతులు నిమ్మచెక్కతో సహా తిని వెళ్లిపోయాక కూడా బయటికి పోయి మైకు ఆపడానికి మా ఇద్దరికీ ధైర్యం చాలలేదు. మా ఆయన తిరిగొచ్చి, వాళ్లమ్మ తననే తిడుతోందనుకొని చాలాసేపు గేటు బయటే ఆగిపోయాడట.

ఈ రోజు పొద్దున బడికి పంపేముందు పిల్లలను కూర్చోబెట్టి చెప్పాను. కోతి వస్తే ఎన్ని వరసలు మిగిలినా కంకి పారేయొచ్చు, నేను తిట్టను. నానమ్మ అరుపు వినబడితే ముందు ఆమె నోరు చూడండి. అది కదలకపోతే లోపలికి పరుగెత్తండి.