గోత్రం అడగని ఒప్పందం

బ్రిటన్ ఐరోపా సమాఖ్యను వదిలేయాలని ఓటు వేసిన రెండో ఏడాది, మార్చి నెలలో, సింగపూర్‌లోని తంజోంగ్ పగార్‌లో ఒక చిన్న శిక్షణ సంస్థలో సెక్రటేరియట్ అధికారిగా చేరాను. పేరు విని పెద్ద హోదా అనుకోవద్దు. సంస్థలో మొత్తం ముగ్గురం: డైరెక్టర్ మిసెస్ లిమ్, అకౌంట్స్ చూసే ఒకామె, నేను. నాకు పైన ఇద్దరు, కింద ప్రింటర్.

చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఇప్పుడు లిఫ్టుల కంపెనీలో పనిచేస్తున్నాను. కాబట్టి ముప్పై ఆరేళ్ళకే రిటైరయ్యానని నేను చెప్పుకునేది వాణిజ్య చర్చల వృత్తి వరకే నిజం. ఆ వృత్తి ఎలా ఉంటుందని అడిగేవాళ్ళకు నేను ఎప్పుడూ ఈ ఒక్క ఉదంతమే చెబుతాను.

మేం అమ్మే సరుకు ఉత్తుత్తి చర్చలు. ఒక దేశం ఆర్థిక సమాఖ్యలోంచి బయటికి పోతే సుంకాలు ఏమవుతాయి, రేవుల్లో తనిఖీలు ఎవరు చేస్తారు అన్న ప్రశ్నలు ఆ రోజుల్లో సింగపూర్ ఎగుమతిదారులందరికీ వచ్చాయి. ఒక ఎగుమతిదారుల సంఘం తన సభ్య కంపెనీల ఉద్యోగులను మా దగ్గరికి మూడు రోజుల శిక్షణకు పంపింది. వాళ్ళను రెండు జట్లుగా విడదీస్తాం. ఒకటి విడిపోతున్న ‘ద్వీపదేశం’, రెండోది ‘సమాఖ్య’. మూడో రోజు సాయంత్రానికి వాళ్ళు వాదించుకుని, బేరమాడుకుని ఒక వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేయాలి.

ప్రతి జట్టుకూ ఒక మ్యాండేట్ ఉంటుంది. అంటే వాళ్ళ ప్రభుత్వం ఎంతవరకు దిగిరమ్మందో, ఎక్కడ ఆగమందో చెప్పే ఆదేశం. ద్వీపదేశం దాటకూడని హద్దులు మూడు: సుంకాలు తానే నిర్ణయించుకోవాలి, సమాఖ్యకు ఏటా ఇచ్చే చందా ఆపెయ్యాలి, తన సముద్రంలో చేపల లైసెన్సులు తనే ఇవ్వాలి. సమాఖ్యకు హద్దు ఒక్కటే. వెళ్ళిపోయినవాడి పరిస్థితి ఉన్నవాడి కంటే మెరుగ్గా కనబడకూడదు.

నా పని ఒప్పందం ముసాయిదాను తెరమీద నడపడం. కుదరని మాట ప్రతిదీ చదరపు బ్రాకెట్లలో ఉంటుంది. ఇద్దరు ముఖ్య ప్రతినిధులూ ‘అంగీకారం’ అన్నాకే నేను ఆ బ్రాకెట్లు తీసేస్తాను. చర్చ ఎంత ముందుకు పోయిందో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. తెర చూస్తే చాలు.

మొదటి రోజు పొద్దున్నే మిసెస్ లిమ్ నన్ను పక్కకు పిలిచారు. ఆవిడ ప్రభుత్వంలో చాలాకాలం వాణిజ్య చర్చలు నడిపి వచ్చిన మనిషి. రెండు జట్లూ తమ మ్యాండేట్‌లకు లోబడి సంతకం చేస్తేనే సంఘం మాకు ఏడాది కాంట్రాక్టు ఇస్తుందని, లేదంటే లేదని చెప్పారు. “కాంట్రాక్టు లేకపోతే నీ పోస్టు లేదు. పోస్టు లేకపోతే ఈ దేశంలో ఉండనిచ్చే నీ వర్క్ పాస్ కూడా లేదు లా,” అన్నారు. ఇక్కడ మాట చివర ‘లా’ చేరిస్తే సంగతి తేలికపడుతుందని ఒక నమ్మకం. ఆ రోజు నాకేమీ తేలికపడలేదు. టాంపినీస్‌లో అద్దెకు తీసుకున్న గదికి మా ఆవిడ వచ్చి అప్పటికి నెలే అయింది.

ద్వీపదేశం ముఖ్య ప్రతినిధి వెంకటరమణ గారు. నరసరావుపేట మనిషి. శీతలీకరించిన ఆహారం అమ్మే కంపెనీలో ఎగుమతుల మేనేజరు. యాభై దాటినవారు. సమాఖ్య తరఫున పద్మజ గారు. ఊరు తెనాలి. రసాయనాల కంపెనీలో కస్టమ్స్ వ్యవహారాలు చూసేవారు. ఇద్దరికీ పరిచయం లేదు. గొంతులు పెద్దవని మిసెస్ లిమ్ వాళ్ళను ఎంచుకున్నారు. ఆ ఎంపికలో పొరపాటేమీ లేదు.

చర్చ ఇంగ్లీషులోనే జరగాలని నిబంధన. అర్థం చెడకుండా తెలుగులో రాస్తున్నాను.

“వెళ్ళిపోతామన్నది మీరు,” అన్నారు పద్మజ గారు. “తలుపు అటు ఉంది. పోతూ పోతూ ఫ్రిజ్ కూడా పట్టుకుపోతామంటే ఎట్లా?”

“ఫ్రిజ్ మీరే ఉంచుకోండి మేడమ్. అందులో చేపలు మావి.”

“మా కరెంటుతో చల్లబడ్డాయి కదా!”

“సముద్రంలో ఉండగానే చల్లగా ఉన్నాయండీ.”

రెండో రోజు మధ్యాహ్నానికి తెరమీద బ్రాకెట్లే తప్ప ఒప్పందం కనబడలేదు. ఒప్పందం పేరే బ్రాకెట్లలో ఉంది. ఒకరు ‘భాగస్వామ్యం’ అంటే ఇంకొకరు ‘సహకారం’ అన్నారు. ముందుమాటలో ఒక కామాను కూడా బ్రాకెట్లలో పెట్టమని ద్వీపదేశం కోరింది. పెట్టాను.

భోజనానికి కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌కి వెళితే అక్కడా అదే వరస. ఫ్యాను కింద బల్ల మీద వెంకటరమణ గారు టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశారు. అంటే సీటు ఆపుకున్నారు. ఈ ఊళ్ళో టిష్యూ ప్యాకెట్ ఉన్న బల్లను ఎవరూ ముట్టుకోరు. పద్మజ గారు దాన్ని మర్యాదగా అంచుకు జరిపి కూర్చున్నారు.

“అది మా బల్లండీ,” అన్నారు ఆయన, అన్నం పళ్ళెంతో వచ్చి.

“టిష్యూ ప్యాకెట్‌కి సార్వభౌమాధికారం ఎవరిచ్చారు?”

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. బ్యాడ్జీలు ముద్రించింది నేనే. వాటి మీద పిలిచే పేర్లే వేశాను గానీ పాస్‌పోర్టు పేర్లు నాకు తెలుసు. ఇద్దరి ఇంటిపేరూ మంచికలపూడే. పద్మజ గారు పుట్టింటి ఇంటిపేరే పాస్‌పోర్టులో ఉంచుకున్నారు. యంత్రం బిగుసుకుపోతే ఒక చుక్క నూనె వెయ్యడం మా చదువులో మొదటి పాఠం. వేశాను.

“మీ ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు కదండీ?” అన్నాను.

వెంకటరమణ గారి చెంచా గాల్లో ఆగింది. “మీరు మంచికలపూడి వాళ్ళా?”

“పుట్టింటి వైపు అండీ.”

“ముందే చెప్పొద్దా అమ్మా! అయితే మా ఆడపడుచువే. రెండు రోజుల్నించి ఇంటి ఆడపిల్లతోనా నేను గొడవపడుతోంది? కూర్చో, కూర్చో, ఫ్యాను కింద కూర్చో.”

“మీరు కూర్చోండి అన్నయ్య గారూ. నాకు చెమట పట్టదు.”

“చూస్తూనే ఉన్నాను, పడుతోంది.”

చివరికి ఇద్దరూ ఎండ తగిలే బల్ల దగ్గర కూర్చున్నారు. ఫ్యాను కింద బల్ల ఖాళీగా ఉండిపోయింది. దాన్ని నేను శుభసూచకం అనుకున్నాను. అది హెచ్చరిక అని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం చర్చలో బ్రాకెట్లు తీసేందుకు నా వేళ్ళు చాలలేదు. సుంకాల విభాగం రాగానే పద్మజ గారు, “సుంకాలు మాతో కలిపే ఉంచుకుంటే మీకే సులువు కదా బ్రదర్?” అన్నారు. ఆయన ‘అంగీకారం’ అనేశారు. జట్టు సభ్యులు ఆయన చొక్కా లాగారు. ఆయన తెలుగులో, నాకొక్కడికే వినబడేలా, “నోరు తెరిచి అడిగింది. లేదని ఎట్లా అంటాం?” అన్నారు. ఏటా చందా కొనసాగించడానికీ ఒప్పుకున్నారు. ముసాయిదాలో దాన్ని ‘స్వచ్ఛంద వార్షిక విరాళం’ అని రాశాను. మన ఇళ్ళలో దాన్ని సారె అంటారు.

పద్మజ గారు మాత్రం ఊరికే పుచ్చుకునే మనిషి కారు. పుట్టింటివాళ్ళ దగ్గర అన్నీ గుంజుకుందన్న మాట తనకొద్దని టీ దగ్గర నాతో అన్నారు. లోపలికి వెళ్ళి ద్వీపదేశానికి సమాఖ్య మండలిలో ఒక ఓటు ఇచ్చేశారు. దానికి ఆయన మొహమాటపడి చేపల లైసెన్సుల్లో సగం ఇచ్చారు. ఆవిడ అంతకంటే మొహమాటపడ్డారు. ఇలా సాయంత్రానికి బ్రాకెట్లన్నీ పోయాయి. కామా ఒక్కటి మిగిలితే, “ఉంచుకోమ్మా,” అన్నారు ఆయన.

నేను ఆ రోజు ఇంటికి ఈలవేసుకుంటూ వెళ్ళాను.

మూడో రోజు పొద్దున్న మిసెస్ లిమ్ ముసాయిదా చదివారు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చదివారు.

“వీళ్ళు బయటికి వెళ్ళారా, లోపలే ఉన్నారా?” అని అడిగారు.

నేను ఒక్కొక్కటే సరిచూశాను. ఉమ్మడి సుంకాలు ఉన్నాయి. చందా ఉంది. మండలిలో ఓటు ఉంది. దాటకూడని మూడు హద్దులూ ద్వీపదేశం దాటేసింది. విడిపోదామని ఓటు వేసిన ప్రజలను మా శిక్షణార్థులు మళ్ళీ సమాఖ్యలో చేర్చేశారు. పైగా చేపల్లో సగం అదనంగా ఇచ్చి చేర్చారు. మ్యాండేట్ దాటిన ఒప్పందం చెల్లదు. చెల్లకపోతే కాంట్రాక్టు రాదు. సంఘం పరిశీలకుడు మధ్యాహ్నానికల్లా వస్తాడు.

జరిగింది దాచకుండా చెప్పాను. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళ వరస అని, ఇంటి ఆడపిల్ల అడిగితే కాదనకూడదని వివరించాను. నాకు చీవాట్లు తప్పవనుకున్నాను. ఆవిడ మాత్రం ఆశ్చర్యపోయి చూశారు.

“ఈ ఊళ్ళో లిమ్‌లు ఎంతమందో తెలుసా? ప్రతి లిమ్‌కీ నేను డిస్కౌంట్ ఇస్తే బతకగలనా? ఏ ఊరి లిమ్, ఎవరి వంశం అని ముందు అడుగుతాం లా. మీరు అడగరా?”

అడుగుతాం. పెళ్ళి సంబంధం అయితే అదే మొదటి ప్రశ్న. ఇంటిపేరు ఒక్కటే చాలదు, గోత్రం కూడా కలవాలి. మంచికలపూడి ఊరి పేరు. ఆ ఊరు వదిలి వచ్చిన వేర్వేరు కుటుంబాలకు అదే ఇంటిపేరుగా స్థిరపడి ఉండొచ్చు. సింగపూర్‌లో ఇది అందరికంటే ముందు నాకు తట్టాల్సింది. మా కిటికీలోంచి కనబడే రేవులో దిగి మళ్ళీ ఓడెక్కిన పెట్టె ఏదీ సింగపూర్ సరుకు అయిపోదు. సుంకం తగ్గించమని అడిగేవాడు సరుకు ఎక్కడ తయారైందో రుజువు చూపాలి. వృత్తిలో వీటిని మూలస్థాన నిబంధనలు అంటారు. వాటి మీద క్లాసు చెప్పింది కూడా నేనే.

టీ విరామంలో ఇద్దరూ ఒకే పొట్లంలోంచి చేగోడీలు తింటున్నారు. పద్మజ గారు ఇంటినుంచి తెచ్చారు. గోత్రం కూడా కలిస్తే ఇక నా దగ్గర వేరే ఉపాయం లేదు. అయినా అడిగాను.

“ఇంతకీ మీ గోత్రం ఏమిటండీ?”

“కౌండిన్య,” అన్నారు వెంకటరమణ గారు.

పద్మజ గారు నమలడం ఆపారు. “మా నాన్నగారిది భారద్వాజ.”

ఆయన చేతిలో చేగోడీ వైపు చూసుకున్నారు. తిరిగి పొట్లంలో పెట్టాలా అని ఆలోచించినట్టు ఉన్నారు. తర్వాత తినేశారు.

“అంటే మనకి వరస లేదన్నమాట,” అన్నారు ఆవిడ.

“ఉన్నట్టు లేదండీ.”

“అయితే ఆ ఓటు నేను వెనక్కి తీసుకోవాలి వెంకటరమణ గారూ.”

“తప్పకుండా మేడమ్. నా సుంకాలూ, చందా, చేపలూ కూడా అక్కడే పెట్టెయ్యండి.”

“ఇచ్చినవి మళ్ళీ అడుగుతారా?”

“మీరేం చేశారు ఇప్పుడు?”

ఇద్దరూ నా వైపు తిరిగారు. మా చర్చల్లో ఒక నిబంధన ఉంది. అన్నీ కుదిరేదాకా ఏదీ కుదిరినట్టు కాదు. కాబట్టి సంతకాల ముందు దేన్నైనా తిరగదోడవచ్చు. నేను బ్రాకెట్లన్నీ తిరిగి పెట్టాను. కామాకు కూడా పెట్టమన్నారు.

పరిశీలకుడు వచ్చేసరికి గది దద్దరిల్లుతోంది. కాకపోతే ఈసారి వాదనలో పట్టు కనబడింది. ముందురోజు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు ఏది ఎవరికి ఎంత ముఖ్యమో ఇద్దరికీ తెలిసిపోయింది. సుంకాలు ద్వీపదేశం చేతికి వచ్చాయి. చందా ఆగింది. ఓటు పోయింది. రేవుల్లో తనిఖీలు ఇద్దరూ సగం సగం ఒప్పుకున్నారు. చేపల లైసెన్సులు ద్వీపదేశమే ఇస్తుందని, ఎన్ని ఇస్తుందన్నది మాత్రం ఒక సంయుక్త సంఘం తర్వాత తేలుస్తుందని రాసుకున్నారు. తేలని విషయానికి సంయుక్త సంఘం వెయ్యడం వృత్తిలో ఆమోదించిన పద్ధతే.

సంతకాలయ్యాయి. చర్చ చాలా సహజంగా ఉందని పరిశీలకుడు మెచ్చుకుని, నా ముసాయిదా రికార్డులో పొద్దున పదిన్నరకు చర్చలు ఒక్కసారిగా కుప్పకూలినట్టు ఉంది, అది మేము రాసిన ఘట్టమేనా అని అడిగాడు. మిసెస్ లిమ్ కాదనలేదు, ఔననలేదు. కాంట్రాక్టు వచ్చింది. నా పాస్ పొడిగించారు. ఆ సాయంత్రం ఎంఆర్‌టీ రైలు స్టేషన్ దాకా వెంకటరమణ గారూ పద్మజ గారూ కలిసే నడిచారు, మత్స్య సంపద గురించి గట్టిగా వాదించుకుంటూ.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. మూలస్థానం రుజువు అడగడం ఎదుటివాణ్ణి అనుమానించడం కాదు. అడగకపోతే ఇచ్చేవాడికి తను ఎవరికి ఇస్తున్నాడో తెలియదు, పుచ్చుకునేవాడికి తను ఎందుకు పుచ్చుకుంటున్నాడో తెలియదు. అందువల్ల తర్వాతి శిక్షణ నుంచి ఊరు, ఇంటిపేరు, గోత్రం, చైనీయులైతే వంశం, ముందే విచారించి, నిజంగా బంధువులైనవాళ్ళను ఎదురెదురుగా కాక ఒకే జట్టులో కూర్చోబెట్టాను. ఫలితం కూడా నమోదు చెయ్యాలి కాబట్టి చెబుతున్నాను. ఆ జట్లలో ఒక్కటి కూడా లోపలి తగవు తేల్చుకుని అవతలి పక్షంతో చర్చ మొదలుపెట్టే దాకా రాలేదు.