ఒకే తానులోని గౌన్లు

మా వీధిలో దసరా నాడు ఏ ఇంట్లో సంపాదించే మనిషి లేడో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. పిల్లల ఒంటి మీది బట్ట చూస్తే చాలు. ఆడపిల్లల గౌన్లు, మగపిల్లల చొక్కాలు, అన్నీ ఒకే రంగు, ఒకే పువ్వు. ఒక ఏడు పచ్చ మీద తెల్ల చుక్కలు, ఇంకో ఏడు నీలం గళ్ళు. అమ్మవారి పందిరి ముందు పిల్లలంతా గుమిగూడితే ఆ నాలుగైదు ఇళ్ళ వాళ్ళు ఎక్కడున్నా ఇట్టే తెలిసిపోయేవారు. దానికి వీధిలో ఒక పేరుండేది, కమిటీ బట్ట అని. ఎవరూ ఎగతాళిగా అనేవారు కాదు. రేషను బియ్యం అన్నట్టే మామూలుగా అనేవారు. అంత మామూలుగా అనగలిగినందుకే నాకు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇది డెబ్బైల నాటి మాట. మేముండేది విశాఖపట్నం పాత ఊళ్ళో, రేవుకి దగ్గర్లో. వీధిలో సగం ఇళ్ళు పల్లెల్లో సాగు గిట్టక రేవు పనికి వచ్చినవాళ్ళవి, మిగతా సగం ముస్లింల ఇళ్ళూ కొట్లూ. ఉక్కు ఫ్యాక్టరీ కట్టేస్తారని, అందులో అందరికీ పర్మినెంటు ఉద్యోగాలేనని అరుగుల మీద మగవాళ్ళు తెగ చెప్పుకునేవారు. ఆ ఫ్యాక్టరీ వచ్చేదాకా మా నాన్న రేవులో కళాసీ. ఓడల్లోంచి మూటలు దింపే పని. వెళ్ళిన రోజుకే కూలి, వెళ్ళకపోతే లేదు.

దసరాకి పందిరి వేసే కమిటీలో నాన్న ఒకడు. చందాల్లో కొంత పక్కన పెట్టి, మగదిక్కు లేని ఇళ్ళలోనూ, మనిషి మంచాన పడ్డ ఇళ్ళలోనూ పిల్లలకి కొత్త బట్టలు, పండగ సరుకులు ఇవ్వడం ఆ కమిటీ పద్ధతి. బట్ట ఎంచే పని మాత్రం నాన్నదే, ఇంకొకరిని పోనిచ్చేవాడు కాదు. బట్టల కొట్టు భాయి దగ్గర ఒక పూటంతా కూర్చుని, రెండు టీలు ఆయన చేతే తెప్పించుకు తాగి, బేరమాడేవాడు. తాను మొత్తం ఒక్కసారే తీసుకుంటే ధర తగ్గుతుంది, పైగా భాయి రెండు గజాలు ఊరికే కలుపుతాడు. భాయిని ముంచేశానని నవ్వుకుంటూ నాన్న తానుని భుజాన వేసుకొచ్చేవాడు. మర్నాడు ఆ భాయే పందిరికి చందా పంపేవాడు. ఎవరు ఎవరిని ముంచేవారో నాకు ఇప్పటికీ తెలీదు.

అమ్మ కుట్టేది. ఇంట్లో మిషను ఉంది, దాని మీదే ఇరుగుపొరుగు జాకెట్లూ లంగాలూ కుట్టి నాలుగు డబ్బులు చూసేది. కమిటీ బట్టలకి మాత్రం కూలి పుచ్చుకునేది కాదు. పండగ పొద్దున్న ఆ పిల్లలంతా తలంట్లు పోసుకుని, కొత్తవి తొడుక్కుని మా గుమ్మంలోకి వచ్చేవారు. నాన్న ఒక్కొక్కరినీ ముందు నిలబెట్టి, ఒక చుట్టు తిరగమని, భుజాల దగ్గర సరిగ్గా పట్టిందో లేదో చూసి, చేతిలో ఇంత బెల్లం పెట్టి పంపేవాడు. ఏడాది మొత్తంలో ఆయన అంత సంతోషంగా ఉండటం నేను ఇంకెప్పుడూ చూడలేదు. అందరూ ఒకేలా కనిపిస్తున్నారన్న ఊహే ఆయనకి రాలేదు. నాణ్యమైన బట్ట, తక్కువలో వచ్చింది, పిల్లల ఒంటి మీద ఉంది. ఆయన చూసింది అంతే.

నాకు పదేళ్ళప్పుడు, చెల్లికి ఐదు, వానాకాలంలో ఓడలో మూట జారి నాన్న కాలి మీద పడింది. పెద్దాసుపత్రిలో చేర్చారు. ఎముక విరిగిందన్నారు, తర్వాత పుండు మానడం లేదన్నారు, ఆ తర్వాత మోకాలి కింద తీసేయాలన్నారు. తీయాలన్నా ఒంట్లో రక్తం లేదు. ముందు కాస్త రక్తం పట్టాలి, ఆసుపత్రిలో ఇచ్చే పాలూ రొట్టే గుడ్డూ మానకుండా తినాలి, మనసులో ఏ బెంగా పెట్టుకోకూడదు అని డాక్టరు అమ్మతో చెప్పాడు. మనిషి బతకడం ఆ తిండి మీదే ఉందన్నాడు.

బెంగ పెట్టుకోకూడదన్న మాటని అమ్మ గట్టిగా పట్టుకుంది. రేవులో పనిచ్చే మేస్త్రీ సగం కూలి వారం వారం ఇంటికి పంపుతున్నాడని నాన్నకి చెప్పింది. మేస్త్రీ మా గుమ్మం తొక్కితే ఒట్టు. మాకు పొద్దున్న గంజి, రాత్రి గంజిలో కాస్త అన్నం. వానల్లో కుట్టుపని కూడా పెద్దగా రాలేదు. అయినా ఆదివారం ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు అమ్మ మా మొహాలకి నూనె రాసి, మెరిసేలా తుడిచి తీసుకెళ్ళేది. ఏం తిన్నారని నాన్న అడిగితే పప్పన్నం అని చెప్పమనేది. చెల్లికి అబద్ధం అని తెలీదు కాబట్టి, పప్పన్నంలో తనే నెయ్యి కూడా వేసి చెప్పేది.

దసరా దగ్గరపడింది. కమిటీ పెద్దాయన తానుని తనే మోసుకొచ్చి మిషను పక్కన పెట్టాడు. ఆ ఏడు తెల్ల బట్ట మీద నారింజ రంగు మందార పువ్వులు. ఎప్పటిలాగే ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలో చెప్పాడు. లేచాడు, గుమ్మం దాకా వెళ్ళాడు, మళ్ళీ వెనక్కి వచ్చి, మా వైపు చూడకుండా అన్నాడు.

"సెల్లెమ్మా, బట్ట కాస్త ఎక్కువే ఉంది. మీ పిల్లలికీ రెండు కత్తిరించీ."

మంచి మనిషి. ఆ మాట అనడానికి ఆయన ఎంత అవస్థ పడ్డాడో నాకిప్పుడు అర్థమవుతుంది. అమ్మ తలూపింది. ఆయన వెళ్ళాక చాలాసేపు ఆ బట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

అమ్మకి వచ్చిన చిక్కు ఇది. పండగ నాడు ఆసుపత్రికి వెళ్ళాలి. పాత గౌన్లలో తీసుకెళితే, సగం కూలి వస్తుంటే పిల్లలకి బట్టలెందుకు తీయలేదని నాన్న అడుగుతాడు. ఈ గౌన్లలో తీసుకెళితే అడగనే అక్కర్లేదు, ఏటా ఆ బట్ట ఎంచిన మనిషి, కమిటీ బట్ట అని చూడగానే పోల్చుకుంటాడు. మేమెంత గతిలేకుండా ఉన్నామో నాన్నకి తెలియకూడదు, తెలిస్తే ఆయన తినడు. అమ్మ భయం అదొక్కటే.

మిగతా పిల్లల బట్టలన్నీ కుట్టేశాక, మా ఇద్దరి ముక్కలనీ కొట్లో దొరికే రంగు పొట్లం కలిపి డేగిసాలో ఉడకబెట్టింది. కాఫీ రంగు. ఆరాక చూస్తే పువ్వులు ఇంకా కనిపిస్తున్నాయి. అప్పుడు బట్ట తిరగేసి, పువ్వులున్న వైపు లోపలికి పెట్టి కుట్టింది. తన పాత చీర అంచు కత్తిరించి మెడ చుట్టూ వేసింది. ఆ రంగు చూసి చెల్లి ఏడ్చింది, నాకు పువ్వుల గౌనే కావాలని. అమ్మ ఎప్పుడూ మమ్మల్ని కొట్టేది కాదు, ఆ రోజు కొట్టింది.

పండగ నాడు ఆసుపత్రిలో రద్దీగా ఉంది. ప్రతి మంచం చుట్టూ చుట్టాలే. నాన్న మమ్మల్ని చూడగానే లేచి కూర్చోబోయాడు. చిక్కిపోయాడు గానీ, అంతకు ముందు వారం కంటే మొహంలో కాస్త రక్తం ఉంది. మమ్మల్ని ఒక చుట్టు తిరగమన్నాడు. గౌను బాగుందన్నాడు, ఎక్కడ తీశావని అమ్మని అడిగాడు. మార్కెట్లో అంది అమ్మ. రంగు కాస్త ముసలి రంగని నాన్న వేళాకోళం చేశాడు, అమ్మ నవ్వింది. గట్టెక్కేశామని అనుకుని ఉంటుంది.

అప్పుడు మా వీధిలో ఉండే ఒకావిడ వార్డులోకి వచ్చింది. ఆవిడ భర్త సముద్రంలో పోయి రెండేళ్ళయింది. యారాడలో అత్తవారింట ఇమడలేక కూతురితో మా వీధికి వచ్చేసి, చేపలమ్ముకునేది. నాన్నని అన్నా అనేది. అప్పట్నుంచీ పండగ పొద్దున్న మా గుమ్మంలోకి వచ్చేవాళ్ళలో ఆవిడా ఉండేది. ఈసారి నాన్న ఇంట్లో లేడు కాబట్టి, కొత్త బట్ట చూపించడానికి పిల్లని తీసుకుని ఆసుపత్రికే నడిచి వచ్చింది. చిన్న గిన్నెలో పులిహోర కూడా తెచ్చింది. ఆవిడ వస్తుందని అమ్మ అనుకోలేదు. అన్నీ ఆలోచించిన మనిషి అదొక్కటీ ఆలోచించలేదు.

ఆ పిల్లకి నాలుగేళ్ళుంటాయి. తెల్ల గౌను మీద నారింజ మందారాలు వేసుకుని నాన్న ముందు గిర్రున తిరిగింది. నాన్న మురిసిపోయాడు. ఈ ఏడు ఎవరు తీశారో గానీ బాగా తీశారని మెచ్చుకున్నాడు. ఆ పిల్ల వచ్చి చెల్లి పక్కన నిలబడింది, ఊరికే ఆటగా చెల్లి గౌను అంచు పట్టుకుని పైకి మడిచింది.

"మావయ్యా, దీనికి లోపల నా పువ్వులే ఉన్నాయి."

వాళ్ళమ్మ గబుక్కున పిల్ల చెయ్యి లాగేసింది. అప్పటికే నాన్న చూశాడు. చెల్లిని దగ్గరికి రమ్మని, ఆ అంచుని రెండు వేళ్ళ మధ్య పెట్టి, కొట్లో పట్టి చూసినట్టే పట్టి చూశాడు. ఆ చిన్నపిల్లతో, నీ గౌనే బాగుందమ్మా అన్నాడు. ఆవిడ గిన్నె అక్కడ పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మేమే మిగిలాక నాన్న అమ్మని ఒకటే అడిగాడు.

"పిల్లలు తింతన్నారా?"

"తింతన్నారు మావా" అంది అమ్మ.

నాన్న నా చెయ్యి పట్టుకుని, మణికట్టు చుట్టూ తన వేళ్ళు పోనిచ్చి చూశాడు. వేళ్ళు కలిసి ఇంకా మిగిలాయి. పులిహోర గిన్నె మా ముందుకి తోసి, తినండన్నాడు. మేం తిన్నంతసేపూ కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు నేనుండే మద్దిలపాలెం అపార్టుమెంట్లో కూడా పండగకి చందాలెత్తి లేనివాళ్ళకి బట్టలూ సరుకులూ పంచుతారు. పుచ్చుకునేవాళ్ళని వరసగా నిలబెట్టి ఫోటోలు తీస్తారు. చందా ఇస్తాను గానీ, ఆ పూట కిందికి దిగను. ఈవిడకి పొగరని అనుకుంటారు. అనుకోనీ. మా నాన్న మొహం తిప్పుకున్న ఆ కాసేపు చూసిన మనిషిని నేను, నాకు ఆ ఫోటోలు చూసే ఓపిక లేదు.

ఆ తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి నాన్న దిండు కింద కాగితం పొట్లం ఉంది. అందులో రొట్టె ముక్కలు, ఉడికించిన గుడ్లు. ఇవేమిటని అమ్మ అడిగింది.

"పూటకి రెండేసి ఇత్తన్నారే. నానెన్నని తింతాను, పిల్లలికెట్టు."

మళ్ళీ ఆదివారం మళ్ళీ పొట్లం. అమ్మ వద్దందిగానీ, నాన్న కోప్పడ్డాడు, మేం పొట్లం వైపే చూస్తున్నాం. అమ్మ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, ఎదురుగా మేమున్నాం. అమ్మ మేస్త్రీ గురించి ఒక అబద్ధం చెప్పింది, నాన్న గుడ్ల గురించి ఒక అబద్ధం చెప్పాడు. ఇద్దరిలో నాన్నే బాగా చెప్పాడు. పొట్లం నాన్నే విప్పి, పెంకు వలిచి మా ఇద్దరి చేతుల్లో పెట్టేవాడు. మేం తింటుంటే కళ్ళార్పకుండా చూసేవాడు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని చెల్లీ నేనూ వారమంతా ఎదురుచూసేవాళ్ళం.

రక్తం పట్టలేదు. కాలు తీయడం వాయిదా పడుతూ వచ్చింది. కార్తీకంలో జ్వరం తగిలి, ఒకరోజు తెల్లవారే వేళకి నాన్న పోయాడు.

కమిటీ వాళ్ళే ఖర్చులు పెట్టుకుని ఇంటికి తెచ్చారు. అమ్మ వెంట ఆసుపత్రి ఆయా కూడా గేటు దాకా వచ్చిందట, దిండు కింద మిగిలిన పొట్లం ఇవ్వడానికి. మనిషికి ఇచ్చేది రోజుకి ఒక్క గుడ్డేనని, పండగ తర్వాత నుంచి ఆయన గుడ్డూ రొట్టే నోట పెట్టడం తను చూడలేదని, తినమని తిట్టినా వినలేదని అప్పుడు చెప్పింది. ఈ సంగతి అమ్మ ఎన్నో ఏళ్ళ తర్వాత నాతో చెప్పింది. ఆ రోజు మాత్రం నాన్నని వసారాలో పడుకోబెడుతుంటే, అమ్మ ఒక పక్కగా నిలబడి పొట్లాన్ని గుండెకి అదిమి పట్టుకుని ఉంది.

పొద్దెక్కింది. పల్లె నుంచి నాన్న వైపువాళ్ళు రావాలని అందరూ ఎదురుచూస్తున్నారు. పొయ్యి వెలిగించలేదు. చెల్లి ఆకలంటూ ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ మా ఇద్దరినీ నాన్న పక్కన కూర్చోబెట్టి, పొట్లం విప్పి, గుడ్లు వలిచింది. శవం లేవకుండా పిల్లల చేత ముద్ద తినిపించకూడదని ఓ ముసలమ్మ అడ్డం వచ్చింది.

"ఆయన తినకుండా దాసినాడమ్మా. ఆయన ముందే తింతారు" అంది అమ్మ.

ముసలమ్మ పక్కకి తప్పుకుంది. నాకు ఏడుపొస్తోంది, ఆకలీ వేస్తోంది. తిన్నాను. చెల్లి తనది గబగబా తినేసి, చేతులు నాకి, ప్రతి ఆదివారం అడిగినట్టే నాన్న భుజం తట్టి, ఇంకోటి ఉందా అని అడిగింది.